పైపు తొడిగే ముందు

చిరంజీవి మేనకోడలికి, బెజవాడ ఆటోనగర్ నుంచి మామయ్య ఆశీస్సులు.

లేదమ్మా, లోపం నీ చేతుల్లో లేదు. కింద వాటాలో అబ్బాయి వచ్చి పట్టినా నీ కారు చక్రం నట్టు కదల్లేదని నువ్వే రాశావు. మరి "పానా తిప్పడం ఆడపిల్లల వల్ల కాదేమో" అన్న మాట ఎక్కడిది? ఆ మాట ఇంకోసారి రాస్తే మామయ్య జవాబు రాయడు. పానా కాడకు పైపు తొడిగి, దాని మీదెక్కి నిలబడమని ఎవరో సలహా ఇచ్చారన్నావు చూడు, ముందు దాని సంగతి తేల్చాలి. అందుకు చిన్న లెక్క కావాలి.

కారుతో పాటు ఇచ్చే ఎల్ పానా సాధారణంగా 25 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాని చివర 30 కిలోల బరువు మోపితే నట్టు మీద పడే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 75 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల చక్రాల నట్లను కంపెనీలు బిగించమనేదే 85 నుంచి 120 దాకా. అంటే తుప్పు జాడ లేని కొత్త నట్టు కూడా ఆ పొట్టి పానాకు లొంగకపోవచ్చు. అదే 30 కిలోలు 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (సాకెట్ తగిలించే పొడుగు కాడ) చివర మోపితే 175 దాటుతుంది. మనిషి మారలేదు, కండ పెరగలేదు, కాడ పొడుగైంది, అంతే.

పైపు తొడిగినా కాడ పొడుగవుతుంది కదా అంటావు. అవుతుంది. కానీ ఎల్ పానా అంత బలానికి తయారైంది కాదు. మీటరు పైపు చివర 55 కిలోల మనిషి నిలబడితే 500 న్యూటన్ మీటర్లు దాటిపోతుంది. అప్పుడు పానా నోరు విచ్చుకుని నట్టు మూలలు అరిగిపోతాయి, లేదా నట్టు ఎక్కే 12 మిల్లీమీటర్ల స్టడ్ తెగుతుంది, లేదా పానా జారి మనిషి మోకాలు సిమెంటు నేలకు కొట్టుకుంటుంది. మూడూ జరిగేవే. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లి అడిగినా ఎవరో ఒకరు మచ్చ చూపిస్తారు.

ఇక కోపం తెప్పించిన విషయం. కారును జాకీ మీద ఎత్తేశాక నట్లు విప్పబోయానని ఎంత తాపీగా రాశావు! గాల్లో ఉన్న చక్రం మీద బలం పెడితే కారు జాకీ మీంచి పక్కకు ఒరిగిపోవచ్చు. నట్లు మొదట పట్టు వదలాల్సింది చక్రం నేల మీద ఉన్నప్పుడే. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో ఉంచి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఒక్కో నట్టునూ పావు చుట్టో అర చుట్టో వదులు చేయాలి. ఆ తర్వాతే జాకీ. జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్లో బొమ్మ ఉంది, అది నువ్వే చూసుకోగలవు.

పానా సంగతి. నట్టుకు ఆరు ముఖాలు. బ్రేకర్ బార్‌కు తగిలించడానికి దుకాణంలో దొరికే సాకెట్లు రెండు రకాలు: లోపల ఆరు మూలలవి, పన్నెండు మూలలవి. పన్నెండు మూలలది తగిలించడం తేలికే, కానీ అది నట్టును మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆరు మూలలది ముఖాల మీద ఆనుతుంది. మొండి నట్టుకు అదే కావాలి. మారుతి చిన్న కార్లకు సాధారణంగా 19 మిల్లీమీటర్ల సాకెట్, హ్యుందాయ్‌లకు 21. 19 నట్టు మీద 21 పెడితే మూలలు పోవడం ఖాయం. పైన మెరిసే స్టీలు తొడుగు ఉన్న నట్లయితే ఇంకో చిక్కు: తొడుగు కింద నీరు చేరి, లోపల తుప్పు ఉబ్బి, సరైన సైజు సాకెట్ కూడా ఎక్కదు. అలాంటివి కనిపిస్తే మార్పించేయడమే.

సాకెట్‌ను సుత్తితో చిన్నగా తట్టి నట్టు మీద పూర్తిగా కూర్చోబెట్టాలి. కాడ ఎడమవైపు నేలకు సమాంతరంగా ఉండాలి. నడుం వంచి పైకి లాగడం కాదు, రెండు అరచేతులూ కాడ చివర పెట్టి కిందికి ఒత్తాలి. గెంతకూడదు. బరువు మెల్లగా పెంచుతూ పోతే "టక్"మని చప్పుడొస్తుంది. మొదటిసారి వినేవాళ్లు ఏదో విరిగిందని బెదిరిపోతారు. అది నట్టు పట్టు వదిలిన చప్పుడు. చక్రానికీ నట్టుకీ మధ్య నుంచి ఎర్రటి పొడి రాలుతుంది. ఎంతకీ రాకపోతే ఓసారి బిగించే వైపే ఇసుమంత నొక్కి, మళ్లీ విప్పే వైపు రావాలి. తుప్పు పొర పగలడానికి ఎటు కదిలినా ఒకటే.

నూనె కొట్టాను, ఫలితం లేదన్నావు. ఎక్కడ కొట్టావో రాయలేదు. నీ కారు నట్లు పైకి మూసుకుపోయి ఉంటే, నెత్తి మీద ఎంత కొట్టినా లోపలికి చుక్క దిగదు. నట్టు చక్రాన్ని తాకే అంచు దగ్గర కొద్దిగా పట్టించి, సుత్తితో నట్టు నెత్తిన నాలుగు దెబ్బలు తట్టి, అరగంట వదిలేయాలి. వీలైతే రాత్రంతా. డబ్ల్యూడీ-40 మీద అందరికీ గొప్ప నమ్మకం. అది 1953లో అమెరికాలో, రాకెట్ల లోహానికి తేమ అంటకుండా చూడటానికి పుట్టింది. బిగిసిన మరల్లోకి దిగడానికి ఆ కంపెనీ వాళ్లే వేరే డబ్బా అమ్ముతారు. ఏది వాడినా బ్రేకు డిస్కు మీద పడకూడదు.

మంట మాత్రం పెట్టొద్దు. గాలి ఉన్న టైరు చక్రాన్ని వేడిచేస్తే లోపల రబ్బరు కాలి, వాయువులు పుట్టి, టైరు బాంబులా పేలి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. మంట ఆర్పిన కాసేపటికి కూడా పేలొచ్చు.

ఇప్పుడు మామయ్య ఎప్పుడూ ప్రాణం పెట్టే విషయం, ఓపిగ్గా చదువు. నట్టు అంత మొండికేసింది విప్పే రోజున కాదు, బిగించిన రోజునే. నట్టు తిప్పేకొద్దీ స్టడ్ స్ప్రింగులా సాగుతుంది. వెనక్కి వెళ్లాలని అది లాగే లాగుడే చక్రాన్ని హబ్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. మనం తిప్పే బలంలో సుమారు పదో వంతే ఆ సాగుడుకు అందుతుంది. సగం దాకా నట్టు అడుగున రాపిడికి, మిగతాది మరల్లో రాపిడికి పోతుంది. చాలా టైరు షాపుల్లో గాలి గన్నుతో ఒక్కసారి బర్రుమని బిగించి వదిలేస్తారు. అర అంగుళం గన్ను 500 న్యూటన్ మీటర్లు దాటగలదు. కావలసిన దానికి నాలుగైదు రెట్లు! స్టడ్ తిరిగి రానంతగా సాగిపోతుంది, మర చెడుతుంది. ఇక మీ విశాఖ ఉప్పుగాలి మిగతా పని పూర్తి చేస్తుంది. అందుకే టైరు మార్పించినప్పుడు, చివరి బిగింపు టార్క్ రెంచితో చేయమని గట్టిగా అడగాలి. అడిగితే చేస్తారు, మొహమాటపడకు. మరలకు గ్రీజు రాస్తే తేలిగ్గా వస్తాయి కదా అనుకోకు. రాపిడి తగ్గితే అదే టార్క్‌కు స్టడ్ మరింత సాగుతుంది. ఇనుప బ్రష్షుతో మర శుభ్రం చేసి, పొడిగా ఉంచడమే పద్ధతి.

  

నట్లన్నీ వచ్చేశాక కూడా చక్రం ఊడకపోతే హడలిపోకు. ఇనుప హబ్, అల్యూమినియం అల్లాయ్, మధ్యలో ఉప్పు తేమ: రెండూ అతుక్కుపోతాయి. నట్లను రెండేసి చుట్లు వదులుగా ఎక్కించి, కారు నేలకు దించి, నిలబెట్టిన చోటే అటూ ఇటూ ఊపితే చక్రం వదులుతుంది. జాకీ మీద ఉండగా తన్నొద్దు, కారు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

తిరిగి బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురు నట్లు వంతులవారీగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడు. ముందు మాన్యువల్ తీసి, మీ కారుకు టార్క్ ఎంతన్నారో, స్టెప్నీలో గాలి ఎంత ఉందో రాసి పంపు. బ్రేకర్ బార్, సాకెట్ ఇక్కడి నుంచే కొని పార్సిల్ వేయిస్తాను. సైజు తెలియకుండా కొనలేను కనుక ఆ నట్టు ముఖాల మధ్య దూరం కొలిచి మరీ రాయి.

మామయ్య