వజ్రపు చిప్ కంపెనీల షేర్లు: కొనే ముందు చూడవలసినవి

పత్తి మేలైనదైనంత మాత్రాన మిల్లు షేరు మేలైనది కాదని వర్తకులకు తెలిసినదే. వజ్రంతో ఎలక్ట్రానిక్ చిప్‌లు చేస్తామనే కంపెనీలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

సరకు గుణం విషయంలో వివాదం లేదు. వజ్రం రాగి కంటె సుమారు 5 రెట్లు ఎక్కువగా వేడిని లాగివేస్తుంది; సిలికాన్ తట్టుకోలేని అధిక వోల్టేజీని తట్టుకొంటుంది. చిక్కంతా తయారీలోనే ఉంది. చిప్‌కు రెండు రకాల పొరలు కావాలి. బోరాన్ కలిపిన పి-రకం కుదిరింది. ఫాస్ఫరస్ కలిపిన ఎన్-రకం మామూలు ఉష్ణోగ్రతలో సరిగా పనిచేయదు. సిలికాన్ బిళ్ళలు 12 అంగుళాల వెడల్పున వస్తుండగా, ఏకస్ఫటిక వజ్రపు బిళ్ళ 4 అంగుళాలకు చేరడమే 2023లో విశేషమయింది.

అమెరికాలోని అపోలో డైమండ్ ఉదంతం గమనించదగినది. వజ్రపు చిప్‌ల ఆశతో 1990లో మొదలైన ఈ సంస్థ ఆస్తులు 2011లో సియో డైమండ్‌కు, 2019లో ఆడమాస్ వన్‌కు చేతులు మారాయి. ఆడమాస్ వన్ షేరు 2022 డిసెంబరులో 4.50 డాలర్లకు నాస్‌డాక్‌లో విడుదలయింది. మూడు చేతులు మారినా అమ్ముడైన సరకు ముఖ్యంగా నగల రాళ్ళే. ప్రయోగశాల రాళ్ళ ధరలేమో ఆ సంవత్సరాలలోనే పతనమయ్యాయి.

కనుక ప్రాస్పెక్టస్‌లో ముందు చూడవలసినది ఆదాయం పట్టిక. నేటి రాబడి చిప్‌లదా, రాళ్ళదా? చిప్‌లకు రొక్కమిచ్చి కొనే ఖాతాదారు ఉన్నాడా? ఆశ చిప్‌పైన, ఆదాయం రాతిపైన ఉన్నచోట మదుపుదారు కొంటున్నది రాళ్ళ వ్యాపారమే. అప్పు సొమ్ముతో దీనిలో దిగరాదు.