గ్రంథం - పట్టిక

తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో బదులిచ్చారు. 354 మంది కవులను అందులో ఒకచోట చేర్చారు. కొరవడినది కవిత్వం కాదనీ, కవుల పట్టిక అనీ ఆ గ్రంథం నిరూపించింది.

ఈ-రీడరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అందులో వందలాది పుస్తకాలు ఇముడుతాయి. కాని వివరాలు సరిగా లేనివి వెదకినా దొరకవు. కోవిద్ గోయల్ 2006లో ప్రారంభించిన ‘క్యాలిబర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ కొరతను తీరుస్తుంది. కంప్యూటరులో పుస్తకాన్ని అందులో చేర్చి, గ్రంథనామం, కర్త, ప్రచురణ కాలం, విషయం నమోదు చేయాలి. తరువాత కేబుల్ ద్వారా ఈ-రీడరుకు పంపాలి. ఒక పుస్తకానికి ‘సురవరం ప్రతాపరెడ్డి’ అనీ, మరొకదానికి ‘ప్రతాపరెడ్డి’ అనీ రాస్తే, పట్టికలో ఒకే రచయిత ఇద్దరవుతారు. పట్టికకెక్కని పుస్తకం పెట్టెలో ఉన్నా లేనట్లే.