తుప్పు రంధ్రానికి పుట్టీ కాదు, రేకు వేయండి

పాత మారుతి 800 తలుపు కింది అంచున రంగు పొక్కినట్టు లేచిందంటే, లోపల రేకును తుప్పు అప్పటికే తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. దిగబడితే అది రంధ్రమే. దాని మీద పుట్టీ మెత్తి రంగు కొట్టించొద్దు. పుట్టీ తేమ పీలుస్తుంది, వెనక తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, చివరికి పెచ్చులూడిపోతుంది. విశాఖ, కాకినాడ ఉప్పుగాలికైతే ఇంకా తొందరగా.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. తలుపు లోపలి అట్ట, రబ్బర్లు, మంటంటుకునేవన్నీ దూరం పెట్టండి. పెట్రోలు ట్యాంకు, పైపుల దగ్గర వెల్డింగు మాత్రం కొత్తవాళ్లు ముట్టుకోకూడదు, టింకర్‌కు అప్పగించండి.

గ్రైండర్‌తో రంగు గీకి, తుప్పు పట్టిన రేకునంతా కోసేయండి. చుట్టూ మెరిసే గట్టి రేకు తగిలేదాకా ఆగొద్దు. రూపాయి బిళ్లంత రంధ్రం అరచేయంత అవుతుంది, కంగారు పడకండి. చేతులాడక వదిలేసిన ఆ కాస్త అంచు నుంచే తుప్పు మళ్లీ మొదలవుతుంది. మూలలు గుండ్రంగా కోయండి.

అట్టముక్కతో కొలత తీసి, 20 గేజి రేకు కత్తిరించండి. జి.ఐ. రేకు వద్దు, వెల్డింగు వేడికి దాని జింకు పూత నుంచి లేచే పొగ పీలిస్తే జ్వరమొస్తుంది.

ఇక వెల్డింగు. సీవోటూ మెషిన్ మేలు. గీతలా లాగితే పల్చటి రేకు వేడికి ఉబ్బి వంకర పోతుంది. ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఎదురు అంచున. వేలితో తాకగలిగేంత చల్లారాకే ఇంకోటి. ఇలా చుక్కలన్నీ కలిసిపోవాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. తర్వాత మెల్లగా గ్రైండింగ్ చేసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. ఎత్తుపల్లాలకు పల్చగా పుట్టీ, మళ్లీ ప్రైమర్, రంగు.

లోపలి వైపు మర్చిపోవద్దు. అతుకుల మీద సీలర్ రాసి, ఆరాక తలుపు పొట్టలోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టి, ఆకులు చేరి అవి పూడుకుపోవడం వల్లే చాలాసార్లు తుప్పు పడుతుంది. వ్యాక్స్ గట్టిపడ్డాక అద్దం పక్కనుంచి చెంబెడు నీళ్లు పోసి చూడండి. కింద కారకపోతే సన్నటి తీగతో పొడిచి దారి చేయండి.