లిట్టీ చౌక్ నుంచి సోషియాలజీ

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డునున్న భుయ్యాడీహ్‌లో ఒక కూడలిని లిట్టీ చౌక్ అంటారు. లిట్టీ అంటే సత్తు కూరి నిప్పుల మీద కాల్చిన పిండి ఉండ, పక్కన వంకాయ చోఖా. అది బిహార్ తిండి. పేట పేరేమో వేరే కథ చెబుతుంది. డీహ్ అంటే ఈ ప్రాంతంలో ఊరున్న చోటు. భుయ్యా ఇక్కడి పాత సమాజాల్లో ఒకదాని పేరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టకముందు ఇక్కడ ఎవరుండేవారు? ఆ తర్వాత ఎవరెవరు, ఎవరి వెంట వచ్చారు? ఇవి మీకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్నలైతే, డిగ్రీలో సోషియాలజీ తీసుకోండి.

మార్కులు సులువుగా వస్తాయని మాత్రం తీసుకోకండి. కులం, బంధుత్వం, వలస అంటూ నిర్వచనాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కిన పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పాఠాలన్నీ వాళ్ల ఇంట్లోనే ఉన్నాయి మరి.

ఒక్కటి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన కుటుంబాల్లో మేనరికం వింత కాదు. మేనత్త కొడుకంటే బావ, వరుసైనవాడు. ఆ మాట పక్కింటి బిహారీ పిన్నిగారితో అని చూడండి, నోరు వెళ్లబెడతారు. వాళ్ల లెక్కలో అతను అన్న. ఒకే గోడకు అటూ ఇటూ రెండు బంధుత్వ పద్ధతులు! ఉత్తర, దక్షిణ భారతాల మధ్య ఈ తేడాను చూపుతూ మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో పెద్ద పుస్తకం రాశారు. ముందు మీ నాయనమ్మను అడిగి వరుసలన్నీ కాగితం మీద గీసుకోండి, ఆ తర్వాత కర్వేను చదవండి. అప్పుడు ఆ పుస్తకం మీతో మాట్లాడుతుంది. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబే 1955లో ప్రచురించిన అధ్యయనాన్ని కూడా వదలొద్దు. ఒక తెలుగు ఊరిని ఎంత ఓపికగా చూడవచ్చో తెలుస్తుంది.

ఈ శాస్త్రానికీ జంషెడ్‌పూర్‌కీ పాత చుట్టరికమే. కార్మికుల సంక్షేమం ఎలా ఉండాలో చెప్పమని టాటా కంపెనీ తొలినాళ్లలోనే లండన్‌లోని సామాజిక పరిశోధకులు సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతులను సంప్రదించింది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో బొంబాయిలో అదే టాటా కుటుంబానికి చెందిన దొరాబ్జీ పేరిట మొదలైంది.

ఇక దారి సంగతి. ఇక్కడి కాలేజీల్లో చాలావరకు 2009లో ఏర్పడిన కొల్హాన్ యూనివర్సిటీ పరిధిలోవి. ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మంచి చోటు, దానికి సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్చరర్ కావాలంటే నెట్ పరీక్ష. అందులోనే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేసుకోవచ్చు. సివిల్స్‌లో ఆప్షనల్‌గా సోషియాలజీకి 500 మార్కులు. అందులో రెండో పేపరు మొత్తం భారత సమాజమే.

ఒట్టి బీఏ పట్టాతో ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. సర్వే చేయడం, ఎక్సెల్‌లో లెక్క తేల్చడం, నాలుగు పేజీల నివేదిక తప్పుల్లేకుండా రాయడం వస్తే స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సీఎస్‌ఆర్ విభాగాలు, సర్వే సంస్థల్లో పని దొరుకుతుంది. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, స్నేహితులతో బెంగాలీ మాట్లాడే మీకు ఇంకో సత్తువ ఉంది. దానికి ఆదివాసీ భాషలైన హో గానీ సంతాలీ గానీ కలిస్తే, ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడు గుమ్మం బయట ఆగిపోయే ఇంట్లో మీరు పీట వేసుకు కూర్చుంటారు.

ఈ చదువును ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఇక్కడి 86 బస్తీలకు మాలికానా హక్కు, అంటే ఇంటి జాగాపై యాజమాన్య హక్కు, ఇవ్వాలన్న డిమాండ్ ఈ నగరంలో ప్రతి ఎన్నికలోనూ వింటున్నదే. దాని వెనకున్న కథ తెలియాలంటే మీ గల్లీలో పది గడపలు తొక్కండి. ఇల్లు ఎప్పుడు కట్టారు, అంతకుముందు ఆ జాగా ఎవరిది, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? ఈ మూడే అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పేర్లు మాత్రం రాయకండి.