పూచీ పడే చెయ్యి

పిడుగురాళ్లలో బండికి తీరిక ఉండదు. పొద్దున బట్టీ దగ్గరికి, మధ్యాహ్నం చేనికి, సాయంత్రం బజారుకి. సున్నపు బట్టీల పొడి, అద్దంకి – నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము, పత్తికి మందు కొట్టే రోజుల్లో నల్లరేగడి బురద, కల్లాల కాలంలో వెనక మిరపకాయల టిక్కీ, అన్నీ దాని నెత్తినే. ఇన్ని మోసే బండి ఏదో ఒకరోజు మొరాయించక మానదు.

అప్పుడు కొందరు షెడ్డుకు తోసుకెళ్లి తాళం మెకానిక్ చేతిలో పెడతారు. కొందరు ఇంటి ముందు చెట్టు కింద స్టాండు వేసి, పానాలు ముందేసుకుని కూర్చుంటారు. కావలసిన సామాను పాత ఇనుప కొట్టులో ఏరుకొస్తారు. అక్కడ దొరక్కపోతే గుంటూరు ఆటోనగరో, విజయవాడ ఆటోనగరో ఉండనే ఉంది. ఇలా సొంతంగా బాగుచేసుకుంటే డబ్బు మిగులుతుందని అందరికీ తెలుసు. మనిషికి ఏం మిగులుతుందన్నదే ఇక్కడ మాట్లాడుకోవాల్సిన సంగతి.

కొత్త పార్టు పెట్టెలో వస్తుంది. దానికి కంపెనీ పూచీ. పాత కొట్టులో కథ వేరు. "బాబాయ్, ఇది ఆడుద్దా?" అని అడగండి. "చూసుకుని తీస్కో అబ్బాయ్, తర్వాత వాపసు లేదు" అంటాడు. ఆ క్షణాన పూచీ మన మీద పడింది. చూడటం తెలిస్తే ఆ పార్టు నడుస్తుంది, తెలియకపోతే డబ్బూ పోయి, బండీ ఆగుతుంది. మన నిర్ణయానికి మనమే పూచీ పడే అలవాటు ఇంత చవకగా నేర్పే చోటు మరొకటి దొరకదు.

కలంగల్ కుర్రాడి రడ్జ్

కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893లో ఓ తెలుగు కుటుంబంలో జి.డి. నాయుడు పుట్టారు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలు ఆయన కంట పడింది. అది తనకు కావాలనుకున్నారు. కోయంబత్తూరులో హోటల్లో పనికి కుదిరి, కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొనుక్కున్నారు. కొన్నాక చేసిన పని దాన్ని ఊడదీయడం. ఏ ముక్క ఎందుకుందో చూడటం, మళ్లీ బిగించడం. యంత్రాల గురించి ఆయనకు ఆ బండే బడి అయింది.

1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి – పళని దారిలో రవాణా మొదలుపెట్టారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారు తయారు చేశారు. ఈ వరుసను గమనించండి. ముందు తన ఒక్కడి బండిని అర్థం చేసుకున్నారు. తర్వాత పదిమంది ఎక్కే బస్సుకు పూచీ పడ్డారు. ఆ తర్వాత కొత్త యంత్రమే తయారు చేశారు. పూచీ పెద్దదవుతూ వచ్చింది గానీ, మొదటి మెట్టు మాత్రం ఒక బండిని విప్పి బిగించడమే.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ఇదే సంగతిని 1977లో సిద్ధాంతంగా చెప్పారు. "నేను చేయగలను" అన్న నమ్మకానికి ఆయన నాలుగు మూలాలు చూపారు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, మన ఒంటి, మనసు స్థితి. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువన్నారు. ప్రసంగాలు విని తెచ్చుకున్న ఉత్సాహం సభ అయ్యాక ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది. విప్పిన కార్బొరేటర్‌ని తిరిగి బిగించి, కిక్కు కొట్టగానే బండి అందుకుంటే కలిగే నమ్మకానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కారణం ముందు, పార్టు తర్వాత

పూచీ పడాలంటే మొదట కారణం తెలియాలి. బండి ఆగగానే "ప్లగ్గు మార్చు, కాయిల్ మార్చు, బోరు చేయించు" అని సలహాలు వస్తాయి. అవి ఊహలు. ఇంజిన్‌కి కావలసినవి గాలితో కలిసిన పెట్రోలు, సరైన వేళకు నిప్పురవ్వ, సిలిండర్‌లో ఒత్తిడి. ఈ మూడింటిలో ఏది లేదో తేల్చకుండా దేన్నీ కొనకూడదు.

కాసేపు కిక్కు కొట్టి ప్లగ్గు విప్పండి. మొన తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వనో, పెట్రోలు మరీ ఎక్కువైందేమోననో అనుమానించాలి. పొడిగా ఉంటే ట్యాంకు కాక్ దగ్గర మొదలుపెట్టి పైపు, కార్బొరేటర్ జెట్టు దాకా వరసగా చూసుకుంటూ రావాలి. ప్లగ్గు రంగు కూడా సాక్ష్యమే. కాఫీ గోధుమరంగు ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైంది. బట్టీల దగ్గర తిరిగే బండికి ముందుగా ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తెల్లబారితే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతోందని అనుమానించాలి.

మన పల్లెల్లో ఎక్సెల్ బళ్లకు లోటు లేదు. వాటి మూలపురుషుడు టీవీఎస్ 50 1980లో వచ్చింది. పాత టూ స్ట్రోక్ ఎక్సెల్‌లో పెట్రోలుతోపాటే ఆయిలూ కాలుతుంది. ఆ మసి సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే దారిలో, సైలెన్సర్ మొదట్లో గడ్డకడుతుంది. బండి లాగదు. వెంటనే "బోరు పోయింది" అని తీర్పు. సైలెన్సర్ విప్పి మసి గీకితే సరిపోయే పనికి ఇంజిన్ మొత్తం విప్పించుకున్నవాళ్లు ఉంటారు. ఇంట్లో పిల్లవాడికి మార్కులు తగ్గితే ట్యూషన్ మార్చడం, అంగట్లో బేరం తగ్గితే బోర్డు మార్చడం కూడా ఇలాంటి తొందరే. ఒకసారి ఒక్కదాన్నే మార్చి, ఫలితం చూసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలన్న నియమం షెడ్డులో పుట్టినా, ఎక్కడైనా చెల్లుతుంది.

తాలు ఏరే కన్ను

కల్లంలో కూర్చున్న అమ్మలు ఎర్రని మిరప కుప్పలోంచి తాలు కాయను చూపు పడగానే ఏరేస్తారు. పాత సామాను కొట్టులో మనకు కావలసింది ఆ కన్నే. ఏది తీసుకోవచ్చు, ఏది ముట్టకూడదు అన్న విచక్షణ అక్కడ కుదురుతుంది.

మడ్‌గార్డు, ఫుట్‌రెస్ట్, సైడ్ స్టాండు, కిక్ రాడ్, టూల్ బాక్స్ మూత, హెడ్‌లైట్ డూమ్ వంటివి పాతవైనా ఇబ్బంది లేదు. వంకర, పగులు చూసుకుంటే చాలు. రిమ్ము కొనేటప్పుడు అంచుకు పుల్ల ఆనించి తిప్పితే సొట్ట తెలిసిపోతుంది. కార్బొరేటర్ మీద తెల్లటి గుంటలు కనిపిస్తే వదిలేయాలి. తడి సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే మన బండి మీద పడ్డ సున్నం పొడిని కూడా ముందు పొడిగుడ్డతో దులిపి, ఆ తర్వాతే నీళ్లు కొట్టాలి. దులిపేటప్పుడు కళ్లు జాగ్రత్త.

చైను, స్ప్రాకెట్లు సెట్టుగానే మార్చాలి. అరిగిన చైను కొత్త పళ్లను త్వరగా తినేస్తుంది. వెనక స్ప్రాకెట్ మీద చైను లింకును వేళ్లతో లాగినప్పుడు పళ్లు బాగా బయటపడితే దాని పని అయిపోయినట్టే. బ్రేక్ షూలు, బ్రేక్ కేబుళ్లు, టైర్లు, హెల్మెట్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా పాతవి వద్దు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. పైకి నిగనిగలాడుతున్నా రబ్బరుకు వయసు వస్తుంది.

పొదుపుకూ పిసినారితనానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. పాడైతే బండి మాత్రమే ఆగే పార్టు పాతది వేయొచ్చు. పాడైతే మనిషి పడిపోయే పార్టు కొత్తదే వేయాలి. వెనక సీట్లో ఎక్కే ఇల్లాలికి, పిల్లలకు మన పొదుపులో భాగం ఉందేమో గానీ, మన ప్రయోగంలో భాగం ఉండకూడదు.

మన పని మనకు ముద్దు

స్వయంగా చేసిన పనిలో ఒక ప్రమాదం కూడా ఉంది. మైకేల్ నార్టన్, మరో ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తాము బిగించిన పెట్టెలకు, మడిచిన కాగితపు బొమ్మలకు మనుషులు ఎక్కువ విలువ కట్టారని తేలింది. పని పూర్తి కానివాళ్లలో ఆ మురిపెం కనిపించలేదు. అంటే చెమటోడ్చి పూర్తిచేసినదాన్ని మనం ఉన్నదానికన్నా గొప్పగా చూస్తాం. టీపాయ్ విషయంలో దానివల్ల నష్టం లేదు. బ్రేకు విషయంలో ఉంది.

అందువల్ల బిగింపు అయ్యాక మరో కన్ను కావాలి. అనుభవమున్న మేస్త్రీకి చూపించి, "అన్నా, ఇందులో ఎక్కడ పొరపాటుందో చెప్పు" అని అడగండి. "బాగుందా?" అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. సందు మొదట్లో మెల్లగా నడిపి, బ్రేకు పట్టి చూసి, అప్పుడే రోడ్డెక్కాలి.

హద్దు తెలుసుకోవడం కూడా పూచీలో భాగమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటి సెన్సార్ల లోపాన్ని పానాతో కనిపెట్టలేం. ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. పాత ఇంజిన్ కొంటే బిల్లు తీసుకోవాలి, నంబరు సరిచూసుకోవాలి, రవాణా శాఖలో నమోదు చేయించాలి. బిల్లు ఇవ్వనంటే ఆ ఇంజిన్ ఎవరి ఇంటి ముందు మాయమైందో అన్న అనుమానం రావాలి. చవకబేరం చూసి కళ్లు మూసుకోని మనిషినే ఊళ్లో నమ్ముతారు.

మొదటి ఆదివారం

మొదలుపెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్లగ్గు పానా, నాలుగు రింగు పానాలు, స్క్రూ డ్రైవర్, ఓ వెడల్పాటి పళ్లెం, ఓ నోటుబుక్కు. విప్పే ముందు సెల్‌ఫోన్‌లో ఫొటో తీయండి. విప్పిన వరుసలోనే నట్లను పళ్లెంలో పేర్చండి. బిగించేటప్పుడు చివర విప్పినదానితో మొదలుపెట్టి వెనక్కి రండి. పెట్రోలు ఉన్నచోట బీడీ, దీపం వద్దు. ఒలికిన పెట్రోలు తుడవకుండా నిప్పురవ్వ పరీక్ష చేయొద్దు. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

మొదట ప్లగ్గు, తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆపైన చైను. ఇవి చేతికి వచ్చాకే కార్బొరేటర్. ఇంజిన్ లోపలికి వెళ్లే తొందర వద్దు. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా పక్కన కూర్చోబెట్టుకుని నట్లు అందించమనండి. లెక్కల పుస్తకంలోని నిష్పత్తి వాళ్లకు స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టినప్పుడు అర్థమవుతుంది.

నోటుబుక్కులో ప్రతి మరమ్మతుకూ మూడు మాటలు రాయండి: ఏం చూశాను, ఏం నిర్ణయించాను, ఏం జరిగింది. కొంతకాలానికి ఈ మూడు ప్రశ్నలూ బండిని దాటి బయటికొస్తాయి. విత్తనాల కొట్టులో బిల్లు లేకుండా ప్యాకెట్ చేతిలో పెడుతున్నప్పుడు, చీటీలో చేరమని పక్కింటాయన పిలిచినప్పుడు, స్నేహితుడి అప్పుకు జామీను సంతకం అడిగినప్పుడు, చెయ్యి ఆగి కన్ను ముందు పనిచేస్తుంది. చూసి పూచీ పడినవాడు నష్టం వచ్చినా ఎవరినీ తిట్టుకోడు, ఎక్కడ చూపు తప్పిందో వెతుక్కుంటాడు. రెండోసారి అదే నష్టం అతని గుమ్మం తొక్కడం కష్టం.