సందేహాలు - సమాధానాలు: మగ్గం కూలి లెక్క

సందేహం: మాది భూదాన్ పోచంపల్లి. నాన్న పట్టు చీరలు నేస్తారు. హైదరాబాద్ షోరూముల్లో ఆ చీరల ధర ఏటా పెరుగుతోంది. మా కూలి మాత్రం కదలదు. ఎందుకని?
- ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ మగ్గం మీదున్న పట్టు ఎవరిది? పట్టు ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్‌దైతే చీరా ఆయనదే. మీ నాన్నగారికి దక్కేది పడుగుకు ఇంతని మాట్లాడుకున్న కూలే. చీర ధర పెరిగితే ఆ లాభం కూలిదాకా దిగిరాదు. అడ్వాన్సు తీసుకుని ఉంటే, వేరే మాస్టర్ వీవర్ ఎక్కువిస్తానన్నా కదల్లేరు. పోనీ సొంతంగా పట్టు కొని నేద్దామంటే, చీర అమ్ముడుపోయేదాకా పెట్టుబడి ఇరుక్కుంటుంది, ఈలోగా ఇల్లు గడవాలి.

అసలు సంగతి వేరే ఉంది. మగ్గం మీద కూర్చునేది నాన్నగారే. మరి రంగు పడకుండా నూలుకు చిటికి కట్టేది, కండెలు చుట్టేది, మేకుల మీద నూలు తిప్పుతూ ఆసు పోసేది ఎవరు? ఒక్క చీర ఆసుకే చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం కొన్న ఇంట్లో ఆ గంటలు చాలావరకు మిగులుతాయి. కానీ చాలా ఇళ్లలో ఆడవాళ్ల ఈ పనికి విడిగా కూలి లేదు, అంతా పడుగు కూలిలోనే కలిసిపోతుంది. 2019-20 చేనేత గణనలో దేశంలోని నేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాల ఆదాయం నెలకు అయిదు వేల లోపే అని తేలిందంటే ఆశ్చర్యమేముంది? వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. గుంట మగ్గంలో నీరూరితే పని బంద్, కూలీ బంద్.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఈ పడుగుకు ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాయండి. వచ్చిన కూలిని ఆ గంటలతో భాగించండి. వచ్చే పడుగుకు బేరమాడేటప్పుడు ఆ కాగితం నాన్నగారి చేతిలో ఉండాలి.

సందేహం: మా వీధిలో పోచంపల్లి చీర ఆరు వందలకే ఇస్తున్నారు. కొనవచ్చా?
- ఒక గృహిణి, విజయవాడ

సమాధానం: కట్టుకోవడానికైతే కొనండి, పోచంపల్లి అనుకుని మాత్రం వద్దు. అది దాదాపు ఖాయంగా మరమగ్గం గుడ్డ మీద అచ్చేసిన డిజైనే. అసలు దానిలో నూలుకే ముందు రంగులద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు గుడ్డను తిప్పితే వెనక వెలిసినట్టుంటుంది. "బజార్లో ఆరు వందలకే దొరుకుతోంది" అన్న మాటే నేతకారు కూలి తగ్గించే బేరానికి పనికొస్తుంది. చీర తిప్పి చూడండి, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ అడగండి.