గుండె నొప్పా, మనసు ఆందోళనా? ముందు పరీక్ష, తర్వాతే ధ్యానం

 

ఈ పాఠాన్ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం మా విహారంలో బుద్ధ వందన అయ్యాక ఆనాపానసతికి కూర్చున్నాం. యాభై దాటిన ఒక అన్న, తాపీ మేస్త్రీ, "ఛాతీ మీద బండ పెట్టినట్టుంది తమ్ముడూ" అన్నాడు. నుదుటి నిండా చెమట. అంతకు ముందు వారమే కూతురి పెళ్లి అప్పుల గురించి నాతో చెప్పుకుని బాధపడ్డాడు. అందుకని నేను, "మనసు అలజడిగా ఉందన్నా, శ్వాస మీద ధ్యాస పెట్టు, అదే తగ్గుద్ది" అన్నాను. నా మాట నమ్మి ఆయన కళ్లు మూసుకున్నాడు. ముప్పావుగంట పోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే గుండెపోటు అన్నారు. అన్న బతికాడు. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది, మళ్లీ తాపీ పట్టలేకపోయాడు.

దీనికి ఎదురు తప్పూ చూశాను. మా వాడలో ఒక చెల్లెలు గుండె దడ, ఆయాసం అంటూ నాలుగుసార్లు ఆసుపత్రికి పోయింది. ఈసీజీ బాగుంది, రక్త పరీక్ష బాగుంది. ఇంట్లోవాళ్లు "నాటకాలు" అన్నారు. ఒకరు దిష్టి తీశారు, ఒకరు తాయెత్తు కట్టమన్నారు. కానీ ఆ పిల్ల బాధ నిజం. అది ఆందోళన జబ్బు. దానికీ వైద్యం ఉంది.

ఈ రెండు తప్పులూ మన ఇళ్లలో జరగకూడదు. అందుకే ఈ పాఠం.

రెండూ ఒకేలా ఎందుకుంటాయి?

భయం పుట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. గుండెకు రక్తం మోసే నాళం పూడుకుపోయినప్పుడూ చెమట, ఆయాసం, ఛాతీ బిగువు వస్తాయి. కారణాలు వేరు, పైకి కనిపించేది దాదాపు ఒకటే.

గుండె జబ్బు వైపు చూపే గుర్తులు

ఛాతీ మధ్యలో బరువు, నొక్కినట్టు, పిండినట్టు ఉంటుంది. వేలితో ఒక చోట చూపించలేరు, అరచేయి పెట్టి చూపిస్తారు. ఎడమ చేతికి, రెండు చేతులకు, దవడకు, మెడకు, వీపుకు, పై కడుపుకు పాకొచ్చు. చల్లని చెమట, వాంతి వచ్చినట్టు ఉండటం, ఆయాసం తోడవుతాయి. బరువు ఎత్తినా, మెట్లు ఎక్కినా నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే అదీ గుండె ఇచ్చే హెచ్చరికే. కూర్చున్నా తగ్గకపోతే, తగ్గి మళ్లీ వస్తే ఇంకా ప్రమాదం.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఒట్టి ఆయాసం, విపరీతమైన నీరసం, దవడ నొప్పి, కడుపులో మంట అంతే ఉంటుంది. "గ్యాసేలే" అని వాము నమిలి, సోడా తాగి పడుకునేది ఇక్కడే.

ఆందోళన వైపు చూపే గుర్తులు

ఉన్నట్టుండి భయం ముంచుకొస్తుంది. చచ్చిపోతానేమో, పిచ్చెక్కుతుందేమో అనిపిస్తుంది. చాలామందిలో పది నిమిషాల లోపే తారస్థాయికి చేరి, అరగంట అటూఇటూగా దిగిపోతుంది. నొప్పి ఒక చోట సూది గుచ్చినట్టు ఉండొచ్చు. వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అందుకే వేళ్లకు, పెదాల చుట్టూ తిమ్మిరి పడుతుంది, తల తిరుగుతుంది. ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా రావచ్చు.

అయితే ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

తేల్చుకోకూడదు. పై గుర్తులు మనకు దారి చూపుతాయి, తీర్పు చెప్పవు. గుండెపోటు వచ్చినవాడికీ భయం వేస్తుంది. ఆందోళన జబ్బు ఉన్నవాళ్లకూ గుండె జబ్బు రావచ్చు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా గుండెపోటు లేదని చెప్పలేం. కొన్ని గంటల తేడాతో ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష మళ్లీ చేసి డాక్టర్లు తేలుస్తారు. బీపీ, షుగర్, బీడీ సిగరెట్ల అలవాటు, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లు ఉంటే అనుమానం ఇంకా గట్టిగా పెట్టుకోవాలి.

అప్పుడు ఏం చేయాలి?

1. చేస్తున్న పని ఆపించి కూర్చోబెట్టండి. నడిపించొద్దు. తానే బండి నడుపుకుంటూ పోనివ్వొద్దు.

2. వెంటనే 108కు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ వాళ్లు గానీ డాక్టరు గానీ చెబితేనే ఇవ్వండి. కడుపులో పుండు ఉన్నవాళ్లకు, ఆ మందు పడనివాళ్లకు అది హాని.

3. ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ సూది వేయించుకుని ఇంటికి రావద్దు. ఈసీజీ ఉన్న ఆసుపత్రికే పోండి.

4. అక్కడ మొదటి మాటగా "ఛాతీ నొప్పి, ఫలానా టైముకు మొదలైంది" అని చెప్పండి. "ఈసీజీ తీయండి" అని అడగండి. ఎవరైనా చిన్నచూపు చూసినా వెనక్కి తగ్గొద్దు. వైద్యం అడగడం మన హక్కు.

గుండె బాగుందని తేలితే?

అక్కడితో వదిలేయొద్దు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది, అవీ చూపించుకోవాలి. అవేవీ కాకపోతే ఆందోళనకు వైద్యం చేయించాలి. మాట సాయం, అవసరమైతే మందులు పనిచేస్తాయి. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. అప్పులతో, కులం పేరున పడే మాటలతో బతుకు ఈడ్చే మనిషికి ఆందోళన రావడం సిగ్గుపడే సంగతి కాదు. ఆనాపానసతి చోటు ఇక్కడ. నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలడం ఒంటిని శాంతపరుస్తుంది. అయితే ఈసారి నొప్పి ఎప్పటిలా కాక వేరుగా ఉంటే, మళ్లీ ఆసుపత్రికే.

"ధ్యానం ఉండగా డాక్టరెందుకు?" అని మనలోనే కొందరు అడుగుతారు. రాజగృహ వైద్యుడు జీవకుడు బుద్ధునికీ భిక్షు సంఘానికీ వైద్యం చేశాడని వినయపిటకం చెబుతోంది. సతిని బోధించిన తథాగతుడే వైద్యుడి మందు తీసుకున్నాడు. మనం ఆయన కంటే గొప్ప ధ్యానులమా?

మజ్ఝిమ నికాయంలో మాలుంక్యపుత్తుడికి బుద్ధుడు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. విషపు బాణం తగిలినవాడు, కొట్టినవాడి కులమేదో, విల్లు ఎలాంటిదో తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే, ఆ సంగతులు తెలియకముందే చచ్చిపోతాడు. ఛాతీ పట్టుకున్న మనిషి పక్కన కూర్చుని "గ్యాసా, దిష్టా, టెన్షనా" అని వాదించుకునే మనమూ అంతే. ఆ ఆదివారం నేను చేసింది అదే.

ఈ వారం ఒక పని చేయండి. 108, 14416 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి విహారం గోడకు, ఇంటి తలుపుకు అంటించండి. ఈ పాఠాన్ని చదువు రాని పెద్దలకు చదివి వినిపించండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.